కుడిపక్క గోడ వద్దు

"పోలీసులకి అబద్ధం చెప్పావు. సరే, అయిందేదో అయింది. నాకు మాత్రం చెప్పకు నిశాంత్. నాకు వయసు మీద పడుతోంది, ఒకే మాట రెండు రకాలుగా వినే ఓపిక లేదు," అంది ఉమామహేశ్వరి, కారు ఇంజన్ ఆపకుండానే.

పక్కసీట్లో నిశాంత్ చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని అద్దంలోంచి ముందుకి చూస్తున్నాడు. అక్కడ చూడ్డానికేం ఉంది కనక. చలికాలం కావడాన మనిషి అలికిడి లేని క్యాంప్‌గ్రౌండు, ట్రక్కు తోసిపోసిన మంచు గట్టు, ఆ గట్టుని ఆనుకుని పసుపు టేపు చుట్టిన ఒక తెల్ల వ్యాన్. ఆ వ్యాన్‌లోనే మొన్న పొద్దున వాసుదేవరావు స్పృహ లేకుండా దొరికాడు. డీజిల్ హీటర్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ఒంట్లోకి వెళ్ళిపోయింది. ఆ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, హాస్పిటల్లో ఇంకా కళ్ళు తెరవలేదు.

"చెప్పు. హీటర్ ఎవరు పెట్టారు?"

"నేనే మేడం."

"షెరిఫ్ ఆఫీసులో తెలీదన్నావు."

"భయమైంది. నేను హెచ్-వన్ మీదున్న. ఆఫీస్ పని తప్ప ఇంకో పని చెయ్యొద్దు. సైడ్ బిజినెస్ చేస్తుండు అని ఒక్కరన్నా చాలు, జాబ్ పోతది, వీసా పోతది."

"ఆయన దగ్గర ఎంత తీసుకున్నావు?"

"ఒక్క డాలర్ తీసుకోలే మేడం. శనివారం శనివారం పోయేటోణ్ణి. అంకుల్ అన్నం వండి పెట్టేటోరు, తిని పని చేసేటోణ్ణి." అతను మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "తీసుకుంటే రసీదు చూపిస్త. తీసుకోనిదానికి ఏం చూపెట్టాలె?"

ఉమామహేశ్వరి ఇంజన్ ఆపేసింది. అరవై రెండేళ్ళ మనిషి. ఇన్సూరెన్స్ కంపెనీలో ఇరవై ఏళ్ళకి పైగా క్లెయిములు తవ్విపోసి, విసుగొచ్చి బయటికొచ్చి, ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ తీసుకుంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒంటరి కాపురం. ఈ వారంలో ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని ఆమె మాట్లాడిన తెలుగు మాటలు ఇవే మొదలు, అవీ దబాయింపులే. ఇంటికెళితే మాట్లాడేది మైక్రోవేవ్ ఒక్కటే, అది కూడా మూడు కూతలు కూసి ఊరుకుంటుంది.

ఈ కేసులో తమాషా ఏమిటంటే ఆమెకి పని అప్పజెప్పింది ఈ నిశాంత్‌ని జైలుకి పంపమన్న మనిషి. వాసుదేవరావు కూతురు ఇషా. ఆమె పంపిన ఫోటోలో తండ్రి భుజానికి కూడా అందదు. "హీటర్ ఎవరు పెట్టారో ప్రూవ్ చెయ్యండి ఆంటీ, అతన్ని వదలద్దు," అని ఫోన్లో ఏడ్చింది. ఇవాళ మధ్యాహ్నం ఇక్కడికే వస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ళ ఇన్వెస్టిగేటర్‌తో కలిసి షెరిఫ్ ఆఫీసుకి వెళ్ళి స్టేట్‌మెంట్ మీద సంతకం పెడుతుంది. అది పడిందంటే నిశాంత్ బతుకు బజారున పడ్డట్టే. తప్పు అతనిదే అయితే ఉమామహేశ్వరికి అభ్యంతరం లేదు. కానీ తప్పు చేసినవాడు ఇలా కూర్చోడు. వాడు వకీల్ని వెంటేసుకొస్తాడు.

"వ్యాన్ అప్పజెప్పేటప్పుడు ఆయనకి ఏమేం చెప్పావు?"

"మస్తు చెప్పిన మేడం. జపాన్ బండి కదా, పాతికేండ్లు దాటితేనే ఈ దేశంలకి రానిస్తరు. ఇక్కడ మెకానిక్కులు ముట్టుకోరు, ఫిల్టర్లు, బెల్టులు ముందే తెప్పించి పెట్టుకోండి అన్న. వంట లోపల చెయ్యొద్దు, వెనక డోర్ లేపి దాని కింద నిలబడి చేసుకోండి అన్న. హీటర్ ఏస్తే కుడి కిటికీ రెండు వేళ్ళంత సందు తీసే ఉంచాలె." అతని గొంతులో పని తెలిసినవాడి ధీమా మెల్లగా తిరిగొచ్చింది. "అన్నిటికన్న ముఖ్యం, హీటర్ పొగ పైపు కుడిపక్కకి తీసిన. కాబట్టి పార్క్ చేసినప్పుడు కుడిపక్క గోడ వద్దు, చెట్టు వద్దు, మంచు వద్దు. ఆ పక్క ఎప్పుడూ ఖాళీ ఉండాలె. అంకుల్ ఆ మాట నాకే మల్ల మల్ల చెప్పేటోరు, నేనేదో మర్చిపోయినట్టు."

ఉమామహేశ్వరి తలెత్తి వ్యాన్ వైపు చూసింది. వ్యాన్ కుడిపక్క మంచు గట్టుకి జానెడు దూరంలో ఉంది.

"దిగు," అంది.

వాళ్ళు దిగేసరికి వెనకనించి ఇంకో కారొచ్చి ఆగింది. శ్యామ్‌సుందర్ ఇస్త్రీ మడత నలగని ఓవర్‌కోటుతో, ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో టాబ్లెట్ పట్టుకుని దిగాడు. ఒకప్పుడు ఉమామహేశ్వరి కిందే పని నేర్చుకున్నాడు. ఆ ఇన్సూరెన్స్ కంపెనీలో ఆమె వదిలేసిన కుర్చీలో ఇప్పుడు అతనే కూర్చున్నాడు, ఆ సంగతి ఎదుటివాళ్ళు మర్చిపోకుండా జాగ్రత్త పడుతుంటాడు.

"ఉమగారూ, అనుమానితుణ్ణి కారెక్కించుకుని తిప్పడం కొత్త పద్ధతా?"

"నీకు నేర్పింది పాత పద్ధతే శ్యామ్. ముందు చోటు చూడు, తర్వాత మనిషిని పట్టుకో అన్నాను. నువ్వు మనిషితో మొదలెట్టావు."

"ఆ మనిషి తన వీడియో తనే నెట్‌లో పెట్టుకున్నాడు, నా వ్యాన్ నా పనితనం అని. నేను వెతకక్కర్లేకపోయింది." అతను టాబ్లెట్ ముందుకు చాపాడు. "మా ఎక్స్‌పర్ట్ రిపోర్ట్. క్యాంపర్ వ్యాన్‌లో హీటర్ పొగ పైపు జారుడు తలుపు ఉన్న వైపుకి తియ్యకూడదు. తలుపు తీసినప్పుడల్లా గ్యాస్ లోపలికొస్తుంది. ఇతను సరిగ్గా ఆ వైపుకే తీశాడు, కుడివైపుకి. ఇన్‌స్టలేషన్ ఫాల్ట్. అక్కడితో సరి."

"ఏదీ, ఆ తలుపు తీసి చూపించు."

శ్యామ్‌సుందర్ కాఫీ బానెట్ మీద పెట్టి వ్యాన్‌కీ గట్టుకీ మధ్య సందులోకి తొంగిచూశాడు. అటు తలుపు లేదు. నున్నటి రేకు, ఒక కిటికీ, ముందు డ్రైవర్ డోరు, అంతే. అతను చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాడు. జారుడు తలుపు అక్కడుంది.

"జపాన్‌లో బళ్ళు రోడ్డుకి ఎడమపక్క పోతాయి, మన ఇండియాలో లాగే," అంది ఉమామహేశ్వరి. "జనం ఎడమపక్క దిగుతారు, తలుపు ఎడమపక్క పెడతారు. స్టీరింగ్ కుడిపక్క. అమెరికా వ్యాన్‌కి రాసిన రూలు ఈ వ్యాన్‌కి తిరగేసి చదువుకోవాలి. నీ ఎక్స్‌పర్ట్ బండి చూశాడా, ఫోటో చూశాడా?"

"ఫోటోలు," అన్నాడు శ్యామ్‌సుందర్. "కింద పడుకుని తీసినవి." వెంటనే మళ్ళీ పుంజుకున్నాడు. తెలివితక్కువవాడేం కాదు. "సరే, తలుపు ఇటుంది. అయినా గ్యాస్ లోపలికి వెళ్ళింది కదా? నడుచుకుంటూ వెళ్ళిందా?"

అది సరైన ప్రశ్నే. ఉమామహేశ్వరి మోకాళ్ళని బతిమాలుకుని ఆ సందు పక్కన కింద కూర్చుంది. టార్చి వేసింది. పైపు చివరకి ఎదురుగా గట్టులో కుండ పట్టేంత గుంట కరిగి ఉంది. లోపలంతా నల్లటి మసి. సరిగ్గా దాని పైన కుడి కిటికీ, రెండు వేళ్ళ సందు తీసి ఉంది.

"చూడు. పైపు వదిలిన పొగ గట్టుకి కొట్టుకుంది. పక్కకి పోడానికి దారిలేక పైకి లేచింది. పైన కిటికీ. గాలి కోసం తీసిన సందులోంచే విషం లోపలికెళ్ళింది. గట్టు లేకపోతే గాలికి ఎగిరిపోయేది."

"అంటే ఆయనే తప్పుగా పార్క్ చేసుకున్నాడు. ఇతను జాగ్రత్తలు చెప్పలేదు."

"చెప్పిన సార్," అన్నాడు నిశాంత్.

"చెప్పావని ఎవరు చెప్పాలి?"

"అంకుల్ లేస్తే చెప్తరు."

చెట్ల మీంచి గాలి రివ్వున కొట్టింది. ఈ చలిలో, ఈ ఖాళీలో ఒక ముసలాయన వారాల తరబడి ఒక్కడే ఎలా ఉన్నాడో అనుకుంది ఉమామహేశ్వరి. భార్య జానకీదేవి పోయాక నాలుగు పడగ్గదుల ఇల్లు తాళం పెట్టి ఈ వ్యాన్ కొనుక్కున్నాడట. అంత ఇంట్లో ఒక్కడే ఉండటం కంటే ఇంత బండిలో ఒక్కడే ఉండటం నయం అన్నాడట. కారు కంపెనీల ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళు ఇంజనీరుగా చేసినవాడు, చూసి చూసి పైపుని మంచుకి ఆనిస్తాడా?

ఆమె లేచి ఖాళీ మైదానం మధ్యకి నడిచింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇటు రండి ఇద్దరూ."

నేలంతా బెత్తెడు మంచు పరుచుకుని ఉంది. ఆమె కాళ్ళ ముందు మాత్రం పొడవాటి మంచం వేసి తీసినట్టు ఒక చోటు, అక్కడ మంచు లేదు, కంకర కనబడుతోంది. దాని కుడి అంచున చిన్న మసి మరక.

"ఆయన దొరకడానికి ముందు రోజు మధ్యాహ్నం మంచు పడి సాయంత్రానికి ఆగిపోయింది. మళ్ళీ ఇంతవరకూ పడలేదు, ఈ క్యాంప్‌గ్రౌండు చూసుకునే రేంజర్‌ని అడిగాను. మంచు పడుతున్నంతసేపూ వ్యాన్ ఇక్కడుంది. కుడిపక్క ఖాళీ. ఆయన సరిగ్గానే పెట్టుకున్నాడు. మంచు ఆగాక, మర్నాడు పొద్దున రేంజర్ చూసే లోపల, బండి అక్కడికి జరిగింది."

"ఆయనే జరిపి ఉంటాడు. చలేసిందేమో," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఆయనే జరిపితే ఆ అద్దం అలా ఉండదు. అటు చూడు." ఆమె వ్యాన్ ముందు అద్దం చూపించింది. వైపర్లు రెండూ కింద పడుకుని లేవు. అద్దం నడిమధ్యన నిటారుగా నిలబడి ఆగిపోయాయి.

ఎడమ తలుపు తీసి, చెయ్యి సాచి, స్టీరింగ్ పక్కనే వేలాడుతున్న తాళం తిప్పింది. ఇంజన్ కదల్లేదు గానీ వైపర్లు కీచుమంటూ పొడి అద్దాన్ని గీరాయి. ఆమె తాళం వెనక్కి తిప్పింది. అవి మళ్ళీ మధ్యలోనే ఆగాయి.

"మంచు దులిపేశాక, పొడి అద్దం మీద వైపర్ ఎవరు వేస్తారు? ఎవరూ వెయ్యరు. వేద్దామనుకున్నది ఇండికేటర్. నిశాంత్, చేతులు బయటికి తియ్యి. ఈ వ్యాన్ నడుపుతున్నావనుకో. ఎడమకి తిరగాలి. ఇండికేటర్ వెయ్యి."

నిశాంత్ గాలిలో స్టీరింగ్ పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు లేచాయి.

"డ్రైవింగ్ ఎక్కడ నేర్చుకున్నావు?"

"హన్మకొండల. మా బాపు మారుతీ మీద. అండ్ల కూడ ఇండికేటర్ కుడిచేతికే."

"శ్యామ్, నువ్వు?"

"ఏమిటీ చిన్నపిల్లల ఆట?" అంటూనే శ్యామ్‌సుందర్ చేతులెత్తాడు. లేచింది ఎడమచెయ్యి. ఎనిమిదో ఏట అమ్మానాన్నలతో ఇక్కడికొచ్చి, ఇక్కడే కారు నేర్చుకున్నాడు. అతను తన చేతి వంక తనే ఎగాదిగా చూసుకున్నాడు.

"ఈ వ్యాన్‌లో ఎడమచేతి కింద ఉండేది వైపర్," అంది ఉమామహేశ్వరి. "వాసుదేవరావు మూడేళ్ళుగా ఇదే తోలుతున్నాడు, ఆయన పొరబడడు. ఇతను దీన్ని విప్పి బిగించినవాడు, పైగా కుడిచేతి అలవాటు. ఆఖర్న స్టీరింగ్ పట్టుకున్నది ఈ దేశంలోనే డ్రైవింగ్ నేర్చుకుని, ఈ బండి ఎప్పుడూ తోలని మనిషి. తిరగబోతూ ఇండికేటర్ అనుకుని వైపర్ వేశారు, అది ఆపడం తెలియక తాళం కట్టేశారు. ఆయన వెనక పడుకుని ఉండగా."

శ్యామ్‌సుందర్ ముఖంలో వెటకారం తగ్గింది. "అంటే ఎవరో కావాలని... ఇది యాక్సిడెంట్ కాదంటారా?"

"నేనేం అనలేదు. ఇంకా లోపల చూడలేదు."

అతను ఫోన్ తీసి పక్కకి నడిచాడు, ఆఫీసుకి చెప్పుకోవాలి కదా. నిశాంత్ చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ ఉండిపోయాడు. ఉమామహేశ్వరి జారుడు తలుపు తీసి ఒంటరిగా లోపలికెక్కింది.

చిన్న లోకం. మడతమంచం, మంచం మీద చెదిరిన రగ్గు, మూలన ఒక అలమార. అలమారలో ఒక కంచం, ఒక గిన్నె, ఒక చెంచా. ఆమె ఇంట్లోనూ తెల్లారి లేస్తే కడిగేది ఒక కంచమే. కానీ చిన్న సింక్‌లో స్టీలు గ్లాసులు రెండున్నాయి. రెండిట్లోనూ అడుగున చారు ఎండిపోయి ఉంది. మిరియాల ఘాటు ఇంకా పోలేదు.

పొయ్యి వెనక తలుపు దగ్గర లేదు. లోపల బల్ల మీద పెట్టి ఉంది. పక్కన ఇత్తడి పోపుల డబ్బా, వ్యాన్‌లో మిగతా సామాను కంటే పాతది, ఎవరో ఇంటినించి తెచ్చింది. ఆమె తల పైకెత్తింది.

కప్పుకి బిగించిన అలారానికి స్నానాల టోపీ తొడిగి ఉంది. హోటళ్ళలో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ టోపీ, అంచుకి ఎలాస్టిక్.

ఉమామహేశ్వరి మంచం అంచున కూర్చుంది. ఈ టోపీ ఆమెకి పరాయిదేం కాదు. ఇక్కడ మనవాళ్ళ వంటింట్లో పోపు పెట్టాలంటే ముందు అలారానికి టోపీ వెయ్యాలి, లేకపోతే ఆవాలు చిటపటమనే లోపల ఇల్లంతా కుయ్యోమంటుంది. తన ఇంట్లోనూ సొరుగు నిండా అవే. కాకపోతే ఇంట్లో పొగ అలారం వేరు, గ్యాస్ అలారం వేరు. ఇక్కడ చోటు చాలక రెండూ కలిపి ఒకటే పెట్టారు. పోపు పొగకి మూసిన టోపీ, విషం దగ్గర కూడా దాని గొంతు నొక్కేసింది.

లోపల వంట చెయ్యకూడదని తెలిసిన మనిషి కాదు ఈ పోపు పెట్టింది. తాను తాగి, ఆయన చేత తాగించి, టోపీ తియ్యడం మర్చిపోయిన మనిషి. ఎవరింట్లో వాళ్ళు వండినట్టు చనువుగా వండిన మనిషి.

ఆమె ముందుకి వంగి డ్రైవర్ సీటు చూసింది. వాసుదేవరావు ఆరడుగులు. నిశాంత్ అంతకి అంగుళం తక్కువ. సీటు మాత్రం స్టీరింగ్‌కి గుద్దుకునేంత ముందుకి జరిగి ఉంది. అలా కూర్చుంటేగానీ కాలు పెడలుకి అందనివాళ్ళు ఈ కేసులో ఒక్కరే ఉన్నారు. ఫోటోలో తండ్రి భుజానికి కూడా అందని మనిషి.

ఉమామహేశ్వరి మళ్ళీ టోపీ వైపు చూసింది. పగబట్టినవాళ్ళ కోసం వెతుక్కుంటూ వచ్చింది, కనబడింది మిరియాల చారు.

సీటు కింద మీట ఉంది. ఒక్కసారి నొక్కి వెనక్కి తోస్తే చాలు. టోపీ పీకి జేబులో వేసుకుంటే చాలు. శ్యామ్ లోపలికి రాలేదు, ఏమీ చూడలేదు. ఆమె చెయ్యి నిజంగానే మీట దాకా వెళ్ళింది. అద్దంలోంచి బయట నిలబడ్డ నిశాంత్ కనబడ్డాడు. ఏ ఆధారమూ చూపించలేనివాడు, తన మాటొక్కటే ఉన్నవాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది. మనసు మాత్రం అక్కడే ఉండిపోయింది.

బయట కారు తలుపు పడిన చప్పుడైంది.

ఇషా బూట్లతో మంచు తొక్కుకుంటూ వస్తోంది. మెడ చుట్టూ కట్టుకున్న మఫ్లర్ మగవాళ్ళది, వాళ్ళ నాన్నదే అయ్యుంటుంది. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. నిశాంత్‌ని చూసి ఆగిపోయింది.

"ఆంటీ, ఇతను ఎందుకు ఇక్కడ?"

"నేనే రమ్మన్నానమ్మా. నాన్నకి ఎలా ఉంది?"

"సేమ్. నాన్న స్వెటర్ కోసం వచ్చాను. హాస్పిటల్ గౌన్ పల్చగా ఉంది, ఆయనకి చలి ఎక్కువ." మఫ్లర్ బిగించి కట్టుకుంది. "తర్వాత షెరిఫ్ దగ్గరికి వెళ్దాం. నాకు ఇది అయిపోవాలి."

శ్యామ్‌సుందర్ ఫోన్ ముగించి వచ్చాడు. అలవాటు ప్రకారం రికార్డర్ నొక్కి చేతిలో పెట్టుకున్నాడు. ఉమామహేశ్వరి దిగి ఇషా ఎదురుగా నిలబడింది. ఎందరినో అడిగిన ప్రశ్నలే. ఈసారి ముందు ఏది అడగాలో వెతుక్కుంది.

"ఇషా, ఆ సాయంత్రం నువ్వు నాన్నని చూడ్డానికి వచ్చానన్నావు కదా. అప్పుడు వ్యాన్ ఎక్కడుంది?"

"అదిగో, మధ్యలో." ఇషా తడుముకోకుండా చెయ్యి చూపించింది. "నాన్నకి బాగా దగ్గు. నేను చారు చేశాను. అమ్మ పోపుల డబ్బా తెచ్చాను ఇంటినించి, నాన్నకి నచ్చింది. రెండుసార్లు పోయించుకున్నారు. సిరప్ ఇచ్చాను, హీటర్ వేశాను, నిద్రపోయారు."

"తర్వాత?"

"గాలి చాలా ఉంది ఆంటీ. వ్యాన్ ఇలా ఇలా ఊగుతుంది. నాకు వెళ్ళాలనిపించలేదు, కానీ పిల్లలు ఇంట్లో వెయిట్ చేస్తున్నారు. సో, నేను మూవ్ చేశాను. ఆ స్నో వాల్ పక్కన అయితే గాలి రాదు కదా." అప్పుడు ఒక చిన్న నవ్వులాంటిది వచ్చింది ఆమె ముఖం మీదకి. "ఆ రైట్ సైడ్ స్టీరింగ్ చాలా వియర్డ్. వైపర్స్ వచ్చేశాయి. నాన్న లేస్తారేమో అని భయం వేసింది. లేవలేదు."

"ఈ సంగతి పోలీసులకి చెప్పావా?"

"వాళ్ళు అడగలేదు. హీటర్ ఎవరు పెట్టారని అడిగారు, అంతే."

నిజమే. ఎవరూ అడగలేదు. అందరూ హీటర్ పెట్టినవాడినే వెతికారు. అబద్ధం చెప్పినవాడు ఒకడు దొరికాడు కాబట్టి నిజం చెబుతున్న మనిషిని ఇంకో ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు, ఉమామహేశ్వరితో సహా.

ముందుగా అర్థమైంది నిశాంత్‌కి. అతను మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఇషా అది చూసింది. తను ఇంత ద్వేషించిన మనిషి తన వంక జాలిగా చూడలేక తల తిప్పుకోవడం ఆమెకి వింతగా తోచినట్టుంది.

"ఏంటి? ఆంటీ, ఏమైంది?"

ఉమామహేశ్వరి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మెత్తగా చెప్పే మాటలేవైనా ఉన్నాయేమోనని వెతికింది. దొరకలేదు. పైపు ఎటువైపు ఉందో చెప్పింది. గట్టులో గుంట చూపించింది. పైన కిటికీ చూపించింది. టోపీ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది.

ఇషా ఏడవలేదు. గట్టు దగ్గరికి నడిచి, మసి పట్టిన ఆ గుంట మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయింది. చుట్టూ ముగ్గురున్నా ఆ నిమిషాన ఆమెకి ఎవరూ లేరు.

క్లిక్‌మని చప్పుడైంది. శ్యామ్‌సుందర్ రికార్డర్ ఆపేశాడు.

"ఉమగారూ, నేను ఇదేమీ వినలేదు," అన్నాడు మెల్లగా. అతని గొంతులో అంత మెత్తదనం ఉంటుందని ఉమామహేశ్వరి ఎన్నడూ అనుకోలేదు. "బండి ఎవరు జరిపారో తెలియదని రాస్తాను. ఇన్‌స్టలేషన్ మీద అనుమానం ఉందని రాస్తాను. పిల్లలున్న మనిషి, రేపు తండ్రికి ఏమైనా అయితే జీవితాంతం మొయ్యాలి. అందరికీ అదే మంచిది."

"అందరికీనా?" అంది ఉమామహేశ్వరి.

అతను నిశాంత్ వైపు చూడకుండా టాబ్లెట్ సర్దుకున్నాడు. నిశాంత్ మంచులో బూటు చివరతో ఏదో గీస్తూ ఉండిపోయాడు. ఉమామహేశ్వరి మాట్లాడబోయింది, తను మాట్లాడి తీరాలి కూడా, కానీ అంతకంటే ముందే గట్టు దగ్గరనించి మాట వినిపించింది.

"ఆన్ చెయ్యండి."

ఇషా వెనక్కి వచ్చింది. అరచెయ్యి నల్లగా ఉంది.

"ఇషా, ఒకసారి లాయర్‌తో మాట్లాడి..." అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఆన్ చెయ్యండి అంకుల్. మొదటినించి చెప్తాను. చారు దగ్గరనించి." ఆమె నిశాంత్ పక్కకి వచ్చి నిలబడింది, అతని వంక చూసే ధైర్యం మాత్రం లేకపోయింది. "నాన్న లేస్తే ఆయనకి నేనే చెప్పాలి కదా. ఇక్కడ చెప్పడం వస్తే, అక్కడ చెప్పగలను."